డిస్కు పెడితేనే మొదలయ్యే కంప్యూటర్

మీట నొక్కగానే ఫ్యాన్ తిరుగుతుంది, దీపాలు వెలుగుతాయి, తయారీ కంపెనీ గుర్తు తెరమీద మెరిసి పోతుంది. ఆ తర్వాత నల్లటి తెర, దాని మూల మినుకుమినుకుమనే ఒక తెల్లగీత. విండోస్ డిస్కును డ్రైవ్‌లో పెట్టి మళ్లీ ఆన్ చేస్తే మాత్రం పాత డెస్క్‌టాప్, పాత ఫైళ్లు, పెళ్లి ఫోటోలతో సహా ఎప్పటిలాగే వచ్చేస్తాయి. డిస్కు తీస్తే మళ్లీ నల్లతెరే. ఆపరేటింగ్ సిస్టం ఎక్కించుకోవడానికి ఒక్కసారి వాడి బీరువాలో పెట్టాల్సిన డిస్కు రోజూ కావాల్సి రావడం ఈ జబ్బు లక్షణం. డిస్కు బదులు పెన్‌డ్రైవ్‌తో ఓఎస్ వేసుకున్నవాళ్లకు ఇదే జబ్బు పెన్‌డ్రైవ్ రూపంలో వస్తుంది.

దీన్ని పోలిన మరో ఫిర్యాదు ఉంది. ఒకప్పటి కంప్యూటర్ ఆటలు కొన్ని తమ సీడీ డ్రైవ్‌లో ఉంటే తప్ప తెరుచుకునేవి కావు. అది నకిలీ కాపీలను అడ్డుకోవడానికి ఆ కంపెనీలే పెట్టిన కాపలా. దానికీ ఈ వ్యాసానికీ సంబంధం లేదు.

తెలుగునాట ఇలాంటి కంప్యూటర్‌ని దుకాణానికి తీసుకెళ్తే తరచూ వినబడే తీర్పు ఒక్కటే: 'ఫార్మాట్ కొట్టాలి'. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ మొదలుకొని జిల్లా కేంద్రాల్లోని చిన్న సర్వీస్ సెంటర్ల దాకా స్థిరపడిపోయిన మాట అది. పని త్వరగా తేలిపోతుంది, కారణం వెతికే శ్రమ తప్పుతుంది కాబట్టి దుకాణదారుకు అదే సుఖం. కానీ డిస్కుతోనైనా ఆ యంత్రం తన పాత డెస్క్‌టాప్ దాకా వచ్చిందంటే ప్రాసెసర్, మెమరీ, హార్డ్‌డిస్క్, అందులోని ఆపరేటింగ్ సిస్టం, ఫైళ్లు అన్నీ క్షేమమేనని అర్థం. ఇల్లు గట్టిగానే ఉంది, గుమ్మం దగ్గరే ఏదో తేడా. గుమ్మం కోసం ఇల్లు పడగొట్టే ముందు ఆ తేడా ఏమిటో చూడాలి.

మీట నొక్కిన తర్వాత

కంప్యూటర్ మెమరీ కరెంటు పోగానే ఖాళీ అయిపోతుంది. ఆపరేటింగ్ సిస్టం ఉండేది డిస్కులో. డిస్కును చదవడం నేర్పాల్సిందేమో ఆపరేటింగ్ సిస్టం. మన భుజాల మీదికి మనమే ఎక్కాల్సిన పరిస్థితి ఇది. తన బూటు పట్టీలు పట్టుకుని తనే పైకి లేవడం అనే ఇంగ్లిష్ నానుడి నుంచి ఈ పనికి 'బూట్' అనే పేరు వచ్చింది. దీనికి దొరికిన ఉపాయం మెట్లు కట్టడం. చెరిగిపోని చిప్‌లో ఒక చిన్న ప్రోగ్రాం ఉంచుతారు. అది డిస్కులోంచి ఇంకొంచెం పెద్ద ప్రోగ్రాంని పిలుస్తుంది, అది మరో పెద్దదాన్ని పిలుస్తుంది, చివరికి అసలు ఓఎస్ వస్తుంది.

1981 ఆగస్టు 12న ఐబీఎం విడుదల చేసిన పీసీలో ఆ చిన్న ప్రోగ్రాం పేరు బయోస్. దానికి కేటాయించిన చోటు 8 కిలోబైట్లు. దాని పక్కనే 32 కిలోబైట్లలో బేసిక్ భాష కూడా చిప్‌లోనే ఉండేది. ఫ్లాపీ పెట్టకుండా మీట నొక్కితే ఆ యంత్రం అలక్కుండా నేరుగా బేసిక్‌లోకి వెళ్లేది. అంటే మొదటి పీసీకి డిస్కు లేకపోవడం జబ్బే కాదు. ఐబీఎంని అనుకరించిన ఇతర కంపెనీల యంత్రాల్లో ఆ బేసిక్ చిప్ ఉండేది కాదు. అందుకే బూట్ అవ్వడానికి ఏమీ దొరకనప్పుడు వాటిలో కొన్ని 'నో రోమ్ బేసిక్' అని వింతగా చెప్పి ఆగిపోయేవి. ఎన్నడూ బేసిక్ చూడనివాళ్లు ఆ మాట చదివి మెమరీ చిప్ పోయిందనుకునేవాళ్లు.

ఐబీఎం పీసీల్లోకి హార్డ్‌డిస్క్ 1983 మార్చిలో, పీసీ ఎక్స్‌టీతో వచ్చింది. సామర్థ్యం 10 మెగాబైట్లు. ఒకే డిస్కును ముక్కలుగా పంచుకోవడానికి, ఏ ముక్క నుంచి మొదలవ్వాలో చెప్పడానికి అప్పటి ఓఎస్ డాస్ 2.0తో మాస్టర్ బూట్ రికార్డ్ అనే ఏర్పాటు వచ్చింది. ఇది డిస్కులో మొట్టమొదటి సెక్టర్. మొత్తం 512 బైట్లు. అందులో 446 బైట్లు ప్రోగ్రాంకి, 64 బైట్లు నాలుగు పార్టిషన్ల వివరాలకు (ఒక్కోదానికి 16 చొప్పున), మిగిలిన 2 బైట్లు ముద్రకి. ఆ ముద్ర 55, ఏఏ అనే రెండు విలువలు. అవి కనబడకపోతే చాలా బయోస్‌లు ఆ డిస్కును బూట్‌కి పనికిరానిదిగా పక్కన పెట్టేస్తాయి. నాలుగు పార్టిషన్లలో ఒకదాని మీద 'యాక్టివ్' అనే గుర్తు ఉండాలి. 446 బైట్ల ప్రోగ్రాం చేసే పనల్లా ఆ గుర్తున్న పార్టిషన్‌ని వెతికి, దాని మొదటి సెక్టర్‌ని మెమరీలోకి తెచ్చి, పగ్గాలు దానికి అప్పగించడం. ఈ వ్యాసం కన్నా ఎంతో చిన్నదైన ఆ ముక్క మీద దాదాపు ముప్పై ఏళ్లపాటు ప్రపంచంలోని పీసీలన్నీ ఆధారపడ్డాయి.

డిస్కు చేసే ఉపకారం

సీడీ నుంచి కంప్యూటర్ మొదలవ్వడం మొదటినుంచీ ఉన్న సౌకర్యం కాదు. విండోస్ 95 సీడీని దుకాణంలో కొన్నవాళ్లు ఖాళీ హార్డ్‌డిస్క్ మీదికి దాన్ని ఎక్కించడానికి ముందు ఒక ఫ్లాపీతో బూట్ చేయాల్సి వచ్చేది. 1995 జనవరిలో ఫీనిక్స్, ఐబీఎం కలిసి సీడీ బూటింగ్‌కి ఒక ప్రమాణం రాశాయి. దాని పేరు 'ఎల్ టోరిటో'. కాలిఫోర్నియాలోని అర్వైన్‌లో అదే పేరుగల మెక్సికన్ హోటల్ ఒకటి ఉండేది, పేరు అక్కడిదేనని చెబుతారు. సీడీలో ఒక నిర్ణీత సెక్టర్‌లో బూట్ చిరునామా రాసి ఉంటుంది, బయోస్ అది చదివి అక్కడికి వెళ్తుంది. చాలా సీడీలు తమలో ఒక ఫ్లాపీ నకలును దాచుకుని, బయోస్‌కి తామే ఫ్లాపీ అన్నట్టు నటించేవి. సీడీ బూట్ చేతకాని పాత యంత్రాల కోసం మైక్రోసాఫ్ట్ 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీకి కూడా ఆరు ఫ్లాపీల కట్ట ఇచ్చింది. ఆరూ వరుసగా మార్చి మార్చి పెట్టిన చేతులకు ఎల్ టోరిటో విలువ తెలుసు.

ఇక అసలు చిక్కుముడి. ఇన్‌స్టలేషన్ డిస్కు పెడితే ఇన్‌స్టలేషన్ మొదలవ్వాలి గదా, పాత విండోస్ ఎందుకు వస్తోంది? 'సీడీ నుంచి బూట్ కావడానికి ఏదైనా మీట నొక్కండి' అనే వాక్యం ఇంగ్లిష్‌లో తెరమీద వచ్చి, పక్కన చుక్కలు పడటం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఓఎస్ వేసేటప్పుడు యంత్రం మధ్యలో తనంతట తాను రీస్టార్ట్ అవుతుంది. అప్పుడు మళ్లీ సీడీలోకే వెళ్తే ఇన్‌స్టలేషన్ మొదటికి వస్తుంది. దాన్ని తప్పించడానికి పెట్టిన ప్రశ్న అది. కొన్ని క్షణాల్లో ఏ మీటా నొక్కకపోతే సీడీలోని ప్రోగ్రాం తానే మొదటి హార్డ్‌డిస్క్ దగ్గరికి వెళ్లి, దాని మాస్టర్ బూట్ రికార్డ్‌ని పైకి తెచ్చి, 'ఇక నీ పని నువ్వు చూసుకో' అని తప్పుకుంటుంది. పాత లినక్స్ డిస్కుల మెనూలో కూడా 'మొదటి హార్డ్‌డిస్క్ నుంచి బూట్' అనే వరుస ఉండేది. పని ఒకటే.

రోగనిర్ణయం మొత్తం ఈ చిన్న సంగతిలోనే ఉంది. సీడీ వెళ్లి తట్టినప్పుడు హార్డ్‌డిస్క్ తలుపు తీసిందంటే, ఆ మాస్టర్ బూట్ రికార్డ్ బాగానే ఉంది, యాక్టివ్ గుర్తు బాగానే ఉంది. తట్టనిది బయోస్. అలాంటప్పుడు దాదాపు ఎప్పుడూ తప్పు బయోస్‌లోని బూట్ వరుసలో ఉంటుంది. బూట్ రికార్డ్‌ని తిరగరాసే ఆదేశాలు ఇవ్వడం అక్కడ వృథా శ్రమ. అలాకాక డిస్కు పెట్టి మీట నొక్కినప్పుడు సెటప్ వస్తూ, మీట నొక్కకుండా వదిలేస్తే నల్లతెరే వస్తోందంటే అప్పుడు హార్డ్‌డిస్క్ తలుపే బిగుసుకుందని అనుమానించాలి. ఒక్క మీట నొక్కడం, నొక్కకపోవడంతో తేలే ఈ పరీక్షకు అర నిమిషం కూడా పట్టదు. దుకాణాల్లో దీన్ని చేసి చూసేవాళ్లు తక్కువ.

వరుస, బ్యాటరీ

బూట్ వరుస చూడటానికి యంత్రం మొదలవ్వగానే డిలీట్ మీటో, ఎఫ్2నో, కొన్ని కంపెనీల ల్యాప్‌టాప్‌లలో ఎఫ్10నో నొక్కాలి. అక్కడ హార్డ్‌డిస్క్ పేరు వరుసలో ఉందా, ఉంటే ఎన్నోదిగా ఉంది అనేది ఒక సంగతి. చాలా బోర్డుల్లో ఇంకో లోపలి జాబితా ఉంటుంది: ఒకటికన్నా ఎక్కువ హార్డ్‌డిస్క్‌లున్నప్పుడు వాటిలో ముందు ఏది అని. పై జాబితాలో 'హార్డ్‌డిస్క్' మొదట ఉన్నా, లోపలి జాబితాలో సినిమాలు దాచుకునే రెండో డిస్కు ముందుకొచ్చి కూర్చుంటే యంత్రం దాన్ని తట్టి ఊరుకుంటుంది. కొత్తగా కార్డ్ రీడర్, ఎక్స్‌టర్నల్ డిస్కు తగిలించిన మర్నాడు మొదలైన జబ్బుకు ముందుగా చేయాల్సిన వైద్యం యూఎస్‌బీ సాకెట్లన్నీ ఖాళీ చేసి చూడటం.

వరుస సరిచేసినా రెండు రోజులకోసారి మళ్లీ చెదిరిపోతుంటే చూపు మదర్‌బోర్డు మీది రూపాయి బిళ్లంత బ్యాటరీ మీదికి పోవాలి. సీఆర్2032 అనే ఈ 3 వోల్టుల బ్యాటరీ కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడుపుతుంది. పాత యంత్రాల్లో బయోస్ అమరికలను గుర్తుపెట్టుకునేదీ ఇదే. అది నీరసిస్తే తేదీ ఏళ్లు వెనక్కి పోతుంది, అమరికలు ఫ్యాక్టరీ నాటి స్థితికి వస్తాయి. తేదీ తప్పు చూపించడం ఈ జబ్బుకు ముందస్తు సూచన. తేదీ తప్పైతే వెబ్‌సైట్లు భద్రత లేదంటూ మొరాయిస్తాయి, అందుకని చాలామంది ముందు ఇంటర్నెట్ కనెక్షన్‌ని అనుమానిస్తారు. రాత్రిళ్లు స్విచ్‌బోర్డు దగ్గరే ప్లగ్ ఆపేసే అలవాటున్న ఇళ్లలో ఈ బ్యాటరీ మీద భారం ఎక్కువ పడుతుంది.

అమరికలు ఫ్యాక్టరీ స్థితికి వస్తే ఇంకో తంటా ఉంది. హార్డ్‌డిస్క్‌తో మాట్లాడే పద్ధతి ఏహెచ్‌సీఐ నుంచి ఐడీఈకో, అటునుంచి ఇటో మారిపోవచ్చు. అప్పుడు విండోస్ మొదలైనట్టే మొదలై, 7బీ అనే అంకెతో నీలితెర చూపించి రీస్టార్ట్ అవుతూనే ఉంటుంది. ఆ ఒక్క అమరికను మునుపటిలా మార్చితే మామూలైపోతుంది.

తాళం ఒక ఇంట్లో, చెవి ఇంకో ఇంట్లో

కారణాల్లోకెల్లా ఆసక్తికరమైనది, తరచూ కనిపించేది ఇదే. ఆపరేటింగ్ సిస్టం ఉన్నచోటే దాన్ని మొదలుపెట్టే ఫైళ్లు కూడా ఉంటాయని మనం అనుకుంటాం. ఉండాలన్న నియమం లేదు.

విండోస్ ఎక్స్‌పీకి మొదలయ్యేందుకు ఎన్‌టీఎల్‌డీఆర్, ఎన్‌టీడిటెక్ట్, బూట్ డాట్ ఐఎన్ఐ అనే మూడు చిన్న ఫైళ్లు కావాలి. సెటప్ వీటిని విండోస్ వేసిన పార్టిషన్‌లో కాక, మొదటి డిస్కులో యాక్టివ్ గుర్తున్న పార్టిషన్‌లో పెడుతుంది. పాత డిస్కును అలాగే ఉంచి కొత్త డిస్కులో ఎక్స్‌పీ వేయించుకున్నవాళ్లు, కొన్ని నెలల తర్వాత పాతదాన్ని తీసి తమ్ముడికిచ్చిన రోజే యంత్రం మొరాయించేది. మూడు ఫైళ్లూ ఆ పాత డిస్కుతోపాటే తమ్ముడింటికి వెళ్లాయి మరి. ఎక్స్‌పీని పెన్‌డ్రైవ్‌తో ఎక్కించడం మొదలయ్యాక ఇది మరీ ఎక్కువైంది. సెటప్ కంటికి పెన్‌డ్రైవే మొదటి డిస్కుగా కనబడేది, బూట్ ఫైళ్లను దానిలోనే రాసేసేది. ఓఎస్ వేయడానికి ఇంటికొచ్చిన కుర్రాడు అంతా చూపించి, డబ్బులు తీసుకుని, పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని వెళ్లేదాకా అంతా బాగానే ఉండేది.

విండోస్ 7 ఖాళీ డిస్కు మీద ఎక్కేటప్పుడు 100 మెగాబైట్ల చిన్న పార్టిషన్‌ని తనకోసం చేసుకుంటుంది. డ్రైవ్ అక్షరం లేని ఈ ముక్కలోనే బూట్‌మేనేజర్, ఏ విండోస్ ఎక్కడుందో చెప్పే బీసీడీ అనే చిన్న పట్టిక ఉంటాయి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఇది చూసి 'ఎందుకీ చెత్త' అని చెరిపేసినవాళ్లున్నారు. ఆదా అయింది 100 మెగాబైట్లు, పోయింది కంప్యూటర్‌లోకి దారి. రెండు డిస్కులున్న యంత్రంలో ఈ చిన్న పార్టిషన్ ఒకదానిలో, విండోస్ ఇంకోదానిలో పడటమూ మామూలే. అందుకే అనుభవమున్న టెక్నీషియన్ ఓఎస్ వేసే ముందు కేబినెట్ విప్పి, వేయాల్సిన డిస్కు తప్ప మిగతా వాటి వైర్లన్నీ పీకేస్తాడు. ఈ ఒక్క అలవాటు చూసి మనిషి పనితనం చెప్పేయొచ్చు.

లినక్స్‌లోనూ కథ ఇదే. ఉబుంటు లాంటివి పెన్‌డ్రైవ్ నుంచి ఎక్కించేటప్పుడు గ్రబ్ అనే బూట్ లోడర్‌ని ఎక్కడ పెట్టాలో అడిగే ఒక పెట్టె ఉంటుంది. దాన్ని చూడకుండా ముందుకెళ్తే కొన్నిసార్లు గ్రబ్ వెళ్లి పెన్‌డ్రైవ్‌లోనే కూర్చుంటుంది. ఆ పెన్‌డ్రైవ్ పెట్టినంతకాలం అంతా సజావుగా నడుస్తుంది. 2005 నుంచి 2011 దాకా ఉబుంటు తన సీడీలను అడిగినవాళ్ల ఇంటికి పోస్టులో ఉచితంగా పంపింది. మన దగ్గర ఎందరో ఇంజినీరింగ్ విద్యార్థులు లినక్స్‌ని మొదట చూసింది ఆ సీడీలతోనే. విండోస్ పక్కన ఉబుంటు వేసి, తర్వాత విసుగొచ్చి ఉబుంటు పార్టిషన్ చెరిపేసి, 'గ్రబ్ రెస్క్యూ' అనే తెర చూసి హాస్టల్ అంతా తిరగడం ఆ తరానికి ఒక దీక్ష లాంటిది. మాస్టర్ బూట్ రికార్డ్‌లో గ్రబ్ తల మిగిలింది, మొండెం ఉన్న పార్టిషన్ పోయింది.

వైరస్‌లూ, చేటు చేసిన మందులూ

446 బైట్ల ఆ చోటు అందరికన్నా ముందు నడుస్తుంది కాబట్టి వైరస్‌లు రాసేవాళ్ల కన్ను దానిమీద మొదట్లోనే పడింది. 1986లో లాహోర్‌లో ఇద్దరు అన్నదమ్ములు రాసిన 'బ్రెయిన్' ఫ్లాపీల బూట్ సెక్టర్‌లో చేరేది. 'మైఖెలాంజిలో' అనేది మార్చి 6 వచ్చేదాకా నిద్రపోయి, ఆ రోజు డిస్కు ముందు భాగాన్ని చెరిపేసేది. 1992లో దాని గురించి పత్రికల్లో పుట్టిన భయం అది చేసిన నష్టం కన్నా చాలా పెద్దది.

ఆ రోజుల్లో బూట్ సెక్టర్ వైరస్‌కి చిట్కా వైద్యం ఎఫ్‌డిస్క్ అనే డాస్ ఆదేశానికి ఎంబీఆర్ అని జోడించి కొట్టడం. అది మాస్టర్ బూట్ రికార్డ్‌లోని ప్రోగ్రాంని కొత్తగా రాసేస్తుంది. చాలాసార్లు పనిచేసేది. 1994లో 'వన్‌హాఫ్' అనే వైరస్ ఈ ధీమాని దెబ్బకొట్టింది. అది కంప్యూటర్ ఆన్ అయిన ప్రతిసారీ హార్డ్‌డిస్క్‌లో కొంత భాగాన్ని చివరినుంచి గుట్టుగా సంకేతభాషలోకి మార్చేది. చదవాల్సి వచ్చినప్పుడు తానే విప్పి చూపించేది. విప్పే తాళంచెవిని మాస్టర్ బూట్ రికార్డ్‌లోనే దాచుకునేది. ఎఫ్‌డిస్క్‌తో దాన్ని తుడిచేసినవాళ్లు వైరస్‌తోపాటు తమ ఫైళ్ల తాళంచెవిని కూడా తుడిచేసుకున్నారు. బూట్ రికార్డ్‌ని ముట్టుకునే ముందు ఫైళ్లు వేరేచోట కాపీ చేసుకోవాలన్న జాగ్రత్త అప్పటి నుంచీ పాత టెక్నీషియన్ల నోట వినిపించేదే. డిస్కుతో యంత్రం మొదలవుతోందంటే ఆ కాపీకి ఇంతకన్నా మంచి అవకాశం ఉండదు.

తెరమీది మాటలు

మొరాయించిన యంత్రం చెప్పే మాట ఏ మెట్టు మీద ఆగిపోయిందో చెబుతుంది. అది చదవకుండా ఫోన్లో 'ఏదో ఇంగ్లిష్‌లో వస్తోంది' అంటే అవతలివాళ్లు సగం ఆధారం పోగొట్టుకున్నట్టే.

'నాన్ సిస్టమ్ డిస్క్' అని వస్తే తరచూ ఫ్లాపీ డ్రైవ్‌లో మరిచిపోయిన ఫ్లాపీ కారణం. ఆ మాట చెప్పేది బయోస్ కాదు, ఆ ఫ్లాపీయే. ఫార్మాట్ చేసిన ప్రతి డాస్ ఫ్లాపీ తన మొదటి సెక్టర్‌లో ఆ వాక్యాన్ని మోస్తూ తిరిగేది. 'మిస్సింగ్ ఆపరేటింగ్ సిస్టం' అనేది మాస్టర్ బూట్ రికార్డ్ గొంతు: నేను మేలుకున్నాను, గుర్తున్న పార్టిషన్‌కి వెళ్లాను, అక్కడ ఎవరూ లేరు అని. 'ఎన్‌టీఎల్‌డీఆర్ ఈజ్ మిస్సింగ్', 'బూట్‌ఎంజీఆర్ ఈజ్ మిస్సింగ్' అనేవి ఆ పై మెట్టువి. ఎక్స్‌పీలో 'హాల్ డాట్ డీఎల్ఎల్' అనే ఫైలు పోయిందని వచ్చే మాట మాత్రం పచ్చి తప్పుదారి. ఎక్కువసార్లు ఆ ఫైలు ఎక్కడికీ పోదు. బూట్ డాట్ ఐఎన్ఐ ఫైలులో డిస్కు నంబరో, పార్టిషన్ నంబరో మారి, లోడర్ వేరే పార్టిషన్‌లో వెతికి దొరకలేదని చెబుతోందంతే. ఆ ఫైలుని ఎక్కడినుంచో తెచ్చి పెట్టడానికి తిప్పలు పడినవాళ్లెందరో.

లినక్స్ పాత బూట్ లోడర్ లిలో అందరికన్నా పొదుపరి. తన పేరులోని నాలుగక్షరాలను ఒక్కో మెట్టు దాటినప్పుడు ఒక్కోటి చొప్పున తెరమీద రాస్తుంది. 'ఎల్' దగ్గర ఆగితే ఒక అర్థం, 'ఎల్ఐ' దగ్గర ఆగితే ఇంకో అర్థం.

అన్నిటికన్నా ముందు వినాల్సింది తెరని కాదు, డిస్కుని. హార్డ్‌డిస్క్ లోపల టకటకమని లయగా కొట్టుకుంటున్నా, బయోస్‌లో దాని పేరు ఒకసారి కనబడి ఒకసారి మాయమవుతున్నా మరమ్మతు ఆదేశాలేవీ ఇవ్వకూడదు. దొరికినన్ని ఫైళ్లు బయటికి తీసుకుని డిస్కు మార్చడమే.

రెండు తలుపుల కాలం

32 బిట్ల అంకెతో సెక్టర్లు లెక్కపెట్టే మాస్టర్ బూట్ రికార్డ్ సుమారు 2.2 టెరాబైట్ల దగ్గర ఆగిపోతుంది. ఇంటెల్ తన ఐటానియం యంత్రాల కోసం తయారుచేసిన ఈఎఫ్ఐ అనే కొత్త ఏర్పాటు, 2005లో కంపెనీలన్నీ చేరిన వేదికకు మారి యూఈఎఫ్ఐ అయింది. ఇందులో 446 బైట్ల ప్రోగ్రాం ప్రసక్తి లేదు. డిస్కులో ఫ్యాట్32 పద్ధతిలో ఒక చిన్న ఈఎఫ్ఐ పార్టిషన్ ఉంటుంది, బూట్ లోడర్ అందులో మామూలు ఫైలులా ఉంటుంది. దాని చిరునామాని మదర్‌బోర్డు తన చిప్‌లో రాసిపెట్టుకుంటుంది.

చిక్కు ఏమిటంటే చాలా ఏళ్లపాటు యంత్రాలు రెండు పద్ధతులనూ ఆదరించాయి, డిస్కులూ రెండు తలుపులతో వచ్చాయి. బూట్ మెనూలో ఒకే డీవీడీ డ్రైవ్ పేరు రెండుసార్లు కనబడటం గమనించే ఉంటారు, ఒకదాని ముందు యూఈఎఫ్ఐ అని ఉంటుంది. దేన్ని ఎంచుకుంటే విండోస్ ఆ పద్ధతిలో ఎక్కుతుంది. పాత పద్ధతిలో ఎక్కించి, తర్వాత బయోస్‌లో యూఈఎఫ్ఐ మాత్రమే అని మార్చితే యంత్రం హార్డ్‌డిస్క్‌ని చూసి చూడనట్టు ఊరుకుంటుంది. రెండు తలుపులున్న డిస్కుతో మాత్రం చక్కగా మొదలవుతుంది. డిస్కు మంచిది, హార్డ్‌డిస్క్ పాడైంది అనే తప్పు తీర్పు ఇక్కడే పుడుతుంది. పాత హార్డ్‌డిస్క్ నుంచి ఎస్ఎస్‌డీకి మారేటప్పుడు సీ డ్రైవ్‌ని మాత్రమే కాపీ చేసి, ఈఎఫ్ఐ పార్టిషన్‌ని వదిలేయడం ఈ మధ్య ఎక్కువగా కనబడే కారణం.

బయోస్ అప్‌డేట్ తర్వాత చిప్‌లో రాసుకున్న చిరునామా చెరిగిపోవచ్చు. అప్పుడు యూఈఎఫ్ఐ ఒక నిర్ణీత చోట ఒక నిర్ణీత పేరుగల ఫైలు కోసం చూస్తుంది: ఈఎఫ్ఐ ఫోల్డర్‌లోని బూట్ ఫోల్డర్‌లో బూట్‌ఎక్స్64. ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవ్‌లు మొదలయ్యేది ఈ దారిలోనే.

మరమ్మతు

ఎక్స్‌పీ డిస్కుతో మొదలై, ఆర్ నొక్కి రికవరీ కన్సోల్‌లోకి వెళ్తే ఫిక్స్‌ఎంబీఆర్, ఫిక్స్‌బూట్, బూట్‌సీఎఫ్‌జీ అనే మూడు పనిముట్లు దొరుకుతాయి. మొదటిది డిస్కు మొదటి సెక్టర్‌లోని ప్రోగ్రాంని, రెండోది పార్టిషన్ మొదటి సెక్టర్‌ని రాస్తాయి, మూడోది బూట్ డాట్ ఐఎన్ఐని కొత్తగా తయారుచేస్తుంది. పోయిన ఎన్‌టీఎల్‌డీఆర్‌ని డిస్కులోని ఐ386 ఫోల్డర్ నుంచి కాపీ చేసుకోవచ్చు. విండోస్ విస్టా నుంచి ఈ పనులన్నీ బూట్‌రెక్ అనే ఒక్క ఆదేశం కిందికి వచ్చాయి. అంతకన్నా ముందు 'రిపేర్ యువర్ కంప్యూటర్' అనే వరుస నొక్కి స్టార్టప్ రిపేర్‌ని నడపడం మేలు. అది ఒకసారికి లొంగకపోతే రెండు మూడుసార్లు నడపాలి, ఒక్కో విడతలో ఒక్కో మెట్టు సరిచేస్తుంది.

యూఈఎఫ్ఐ యంత్రాల్లో బూట్‌రెక్ ఫిక్స్‌బూట్ కొడితే 'యాక్సెస్ డినైడ్' అని రావడం విండోస్ 10 కాలపు సాధారణ చికాకు. అక్కడ వాడాల్సింది వేరు. డిస్క్‌పార్ట్ అనే పనిముట్టుతో ఈఎఫ్ఐ పార్టిషన్‌కి తాత్కాలికంగా ఒక అక్షరం ఇచ్చి, బీసీడీబూట్ అనే ఆదేశంతో విండోస్ ఫోల్డర్ నుంచి బూట్ ఫైళ్లను ఆ పార్టిషన్‌లోకి కొత్తగా రాయించాలి. కాపీలో వదిలేసిన ఈఎఫ్ఐ పార్టిషన్‌కీ, దాన్ని ముందు కొత్తగా చేసుకున్నాక, మందు ఇదే. లినక్స్‌లో లైవ్ డిస్కుతో మొదలై, హార్డ్‌డిస్క్‌లోని వ్యవస్థలోకి క్రూట్ అనే ఆదేశం ద్వారా దిగి గ్రబ్ ఇన్‌స్టాల్ ఆదేశం ఇస్తే సరిపోతుంది.

డిస్క్‌పార్ట్‌లో 'యాక్టివ్' అనే మాట తొందరపడి వాడకూడదు. పాత పద్ధతిలో గుర్తు పోయిన పార్టిషన్‌కి గుర్తు పెట్టడానికి అది సరైనదే. బూట్ ఫైళ్లు లేని పార్టిషన్‌కి పొరపాటున గుర్తు పెడితే, మొదలవుతున్న యంత్రం కూడా ఆగిపోతుంది. బిట్‌లాకర్‌తో డిస్కుకి తాళం వేసుకున్నవాళ్లు బయోస్‌లో ఏ అమరిక మార్చే ముందైనా 48 అంకెల రికవరీ కీ ఎక్కడుందో వెతికిపెట్టుకోవాలి. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఆ తాళం యజమానికి తెలియకుండానే పడి ఉంటుంది, కీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది.

డిస్కులు పోయాక

ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో సీడీ డ్రైవే లేదు, పెట్టెలో డిస్కూ రాదు. కంపెనీలు హార్డ్‌డిస్క్‌లోనే ఒక రికవరీ పార్టిషన్ పెట్టి ఇస్తున్నాయి. ఆ డిస్కే పోతే దానితోపాటే అదీ పోతుంది. కాబట్టి యంత్రం బాగున్న రోజునే, కనీసం 8 గిగాబైట్ల పెన్‌డ్రైవ్ తీసుకుని మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే మీడియా క్రియేషన్ టూల్‌తో ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవ్ చేసి పెట్టుకోవాలి. చేసేవాళ్లు తక్కువ. అవసరం వచ్చినరోజు పక్కింటి కంప్యూటర్ కావాలి.

ఆ అవసరం ప్రపంచమంతటికీ ఒకేరోజు వచ్చింది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన లోపభూయిష్టమైన అప్‌డేట్‌తో, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ యంత్రాలు నీలితెర దాటి ముందుకు రాలేకపోయాయి. హార్డ్‌డిస్క్‌లు బాగున్నాయి, విండోస్ బాగుంది, డ్రైవర్ల ఫోల్డర్‌లో ఒక ఫైలు చెరిపేస్తే చాలు. కానీ దాన్ని చెరపడానికి చాలాచోట్ల మనిషి ఒక్కో యంత్రం దగ్గరికీ నడిచి వెళ్లాల్సి వచ్చింది. మైక్రోసాఫ్ట్ అందుకోసమే ఒక బూట్ పెన్‌డ్రైవ్ పనిముట్టును విడుదల చేసింది. బిట్‌లాకర్ ఉన్న చాలా యంత్రాల దగ్గర 48 అంకెలు చేత్తో కొట్టాల్సి వచ్చింది. ఆ రోజు హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసిచ్చారు.